ఇమానం తవిటయ్య లాగ్‌బుక్కు

పూండి స్టేషన్లో దిగి, సముద్రం వైపు వెళ్లే ఆటో ఎక్కి, ఇమానం తవిటయ్య ఇల్లు అంటే చాలు, ఆటోవాడు మరో మాట అడిగేవాడు కాదు. బమ్మిడి తవిటయ్య అని అసలు పేరు చెబితే మాత్రం బుర్ర గోక్కునేవాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తలకు తుండుగుడ్డ చుట్టుకుని జీడితోటలో ఎండుటాకులు ఊడ్చుకునే మనిషి, ఒకప్పుడు విమానాలు నడిపాడంటే పైఊరివాళ్లు నవ్వేవారు. ఊరివాళ్లూ నవ్వేవారు గాని ఆ నవ్వులో కాస్త గర్వం ఉండేది. ఎవరు కొత్త మోటారు పంపు తెచ్చినా, మోపెడ్ కొన్నా ముందు ఆయన్నే పిలిచేవారు. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపులతో అక్కడా ఇక్కడా తట్టి, చెవి ఒగ్గి విని, అప్పుడు నడిపేవాడు. దిగాక మంచీ చెడ్డా మొహం మీదే చెప్పేసేవాడు. కొన్నవాడి మొహం మాడిపోయినా ఆయనకు పట్టేది కాదు. తవిటయ్య నోట అబద్ధం రాదని ఊళ్లో పేరు. ఆ పేరు పూర్తిగా నిజం కాదని తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది, ఆయన భార్య దేముడమ్మ.

వాళ్లకు పిల్లల్లేరు. ఎకరన్నర తోట, రెండు గదుల పెంకుటిల్లు, ఒక ఇనప్పెట్టె. ఆ పెట్టెలో నీలం అట్టల పుస్తకం ఒకటి ఉండేది. పైలట్లు గాల్లోకి లేచిన ప్రతిసారీ రాసుకునే లాగ్‌బుక్కు అది. తేదీకి ఒక గడి, విమానం రకానికి ఒకటి, దాని నంబరుకి ఒకటి, గాలిలో గడిపిన సమయానికి ఒకటి, చివరికి లోపాలకి ఒకటి. రెండు వేల నూట నలభై గంటలు ఆయన గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో అందులో ఉన్నాయి. పుస్తకం కింద సర్వీసు కాగితాలు, వాటి కింద ఒక ఉత్తరం.

తవిటయ్య టెక్కలి హైస్కూల్లో పదకొండో తరగతి దాకా చదివాడు. నలభై ఆరులో బరంపురం వెళ్లి వైమానిక దళంలో మెకానిక్కుగా చేరాడు. దేశం రెండు ముక్కలయ్యాక పైలట్లు చాలలేదు. కింద పనిచేసే కుర్రాళ్లలో చురుకైనవాళ్లను ఏరి శిక్షణ ఇచ్చారు. ఆ ఎంపికలో ఈ ఉద్దానం కుర్రాడు నిలబడ్డాడు. కొన్నేళ్లకు దక్షిణాదిన విమానాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ ఆయన పని వినడానికి చిన్నది. కొత్తగా తయారై షెడ్డులోంచి బయటకు వచ్చిన శిక్షణ విమానాన్ని మొట్టమొదటిసారి గాల్లోకి తీసుకెళ్లాలి. పైకి ఎక్కించి, రెక్కలకు గాలి పట్టు తప్పే దాకా మెల్లగా నడిపి, గిరికీలు కొట్టించి, దించాలి. ఏ నట్టు వదులుగా ఉందో, ఏ రెక్క ఒరుగుతోందో రాయాలి. ఆయన బాగుందని రాస్తేనే అది కుర్రాళ్లకు విమానం నేర్పే స్కూళ్లకు వెళ్తుంది.

దేముడమ్మ ఆయన మేనమామ కూతురు. చదువు లేదు. పదహారేళ్లకే పెళ్లయి ఫ్యాక్టరీ క్వార్టర్సుకి వెళ్లింది. భాష రాని ఊళ్లో గుమ్మం దగ్గర కూర్చుని ఆకాశంలో మోతలు వినేది. సాయంత్రం ఆయన సైకిలు దిగగానే అడిగేది. "ఇయ్యాల ఎన్ని దించినావు బావా?" ఎన్ని ఎక్కావని ఒక్కనాడూ అడగలేదు. దిగినవే ఆమెకి లెక్క. ఆయన రాసుకునే పుస్తకం మీద ఆమెకి చెప్పలేనంత నమ్మకం. ఆ గళ్లలో రాసిన అక్షరం అక్షరంలా కాక, విమానాన్ని పట్టి ఉంచే చీలలా కనిపించేది.

అరవై ఒకటిలో ఒక శనివారం ఆరు విమానాలు పరీక్ష చేయాల్సి వచ్చింది. అవి సోమవారం ఒక శిక్షణ స్కూలుకి వెళ్లాలి. అయిదు బాగానే ఉన్నాయి. ఆరోదాన్ని గిరికీ కొట్టించి బయటకు తీస్తుంటే తవిటయ్య కుడి పాదానికి పెడల్లోంచి సన్నటి వణుకు తగిలింది. అర నిమిషం ఉండి పోయింది. మళ్లీ చేసి చూశాడు, రాలేదు. మూడోసారి చూసేందుకు పొద్దు లేదు. దిగాక తోక వైపు తట్టి చూశాడు. ఏమీ తెలియలేదు. ఫోర్‌మన్ వచ్చి, "అంతా బిగించి చూశాం" అన్నాడు. తవిటయ్య కలం తీశాడు. లోపాల గడిలో వణుకు గురించి రాస్తే ఆ విమానం మళ్లీ షెడ్డులోకి వెళ్తుంది, వారం ఆలస్యమవుతుంది, అందరూ తనవైపే చూస్తారు. నిల్ అని రాసేశాడు. లోపాలు లేవని.

పదకొండో రోజున ఆ విమానం ఒక చెరుకు తోటలో కూలిపోయింది. అందులో ఒక్కడే ఉన్నాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు. విచారణ జరిగింది. లాగ్‌బుక్కు తెప్పించి చూశారు. అంత ఒద్దికగా రాసిన పుస్తకాన్ని ఎవరు అనుమానిస్తారు? విచారణాధికారి తవిటయ్య భుజం తట్టి, రికార్డు ఇలా ఉండాలని అక్కడున్న మిగతా పైలట్లకు చూపించాడు. విమానంలో లోపం లేదు కాబట్టి లోపం కుర్రాడిదే అయింది. తొందరపాటు వల్ల ప్రమాదం అని తేల్చి ఫైలు మూశారు.

మూడు నెలలకి ఆ కుర్రాడి తండ్రి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఉత్తరాదిన బడిపంతులు. ఆ విమానాన్ని మొదట నడిపింది మీరేనని తెలిసింది, మా వాడు నిజంగా తప్పు చేశాడా, మీకే తెలుస్తుంది, ఒక్క ముక్క రాయండి అని అడిగాడు. ఆ ఉత్తరం పట్టుకుని తవిటయ్య అన్నం ముందు కూర్చుండిపోయాడు. దేముడమ్మ అడిగింది. దాచలేక మొత్తం చెప్పాడు.

ఆమె చల్లారిన అన్నం కంచం పక్కకి జరిపింది. తర్వాత అంది. "రాసింది నువ్వే గదా. దిద్దీ."

"దిద్దితే నన్ను జైల్లో ఏస్తారే."

"అయితే ఆ బాబుకైనా ఒక్క ముక్క రాయి. నీ కొడుకు తప్పేటీ నేదని రాయి."

రాస్తానన్నాడు. రాయలేదు. కళ్లు సరిగ్గా ఆనడం లేదని చెప్పి ఎగరడం మానేశాడు. స్టోర్సులో బల్ల ముందు కూర్చునే పని తీసుకుని, డెబ్బై నాలుగులో పింఛనుతో ఇంటికి వచ్చేశాడు. ఉత్తరం పెట్టె అడుగునే ఉండిపోయింది. వాళ్లిద్దరి మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. తోట వేశారు, కొబ్బరి దింపించారు, జీడిపిక్కలు ఏరారు. బతుకు ఒడ్డున పడిందనే అనుకున్నారు.

తొంభై ఎనిమిది ప్రాంతంలో ఊళ్లో మనుషులు పోవడం మొదలైంది. ముసలివాళ్లు పోతే ఎవరూ పట్టించుకోరు. వీళ్లు ముసలివాళ్లు కారు. కొబ్బరిచెట్లెక్కే అప్పలరాజుకి నలభై రెండేళ్లు. ముందు కాళ్లు పొంగాయి, తర్వాత మొహం పొంగింది, తర్వాత అన్నం సయించలేదు. గ్యాసు అన్నారు, నీరసం అన్నారు, ఎవరో చేతబడి చేశారని కూడా అన్నారు. పోయాడు. అతని తర్వాత వీధికొకడు. రెండు వేల ఒకటిలో డాక్టర్లు వచ్చి శిబిరం పెట్టి నెత్తురు తీశారు. అప్పుడు ఊళ్లోకి క్రియాటిన్ అనే మాట వచ్చింది, కిడ్నీ ఎంత పాడైందో నెత్తుట్లో చూసి చెప్పే అంకె. ఒకటి దాటితే భయం, అయిదు దాటితే విశాఖపట్నం, ఆ తర్వాత రక్తం కడిగే యంత్రం. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో మాత్రం డాక్టర్లకూ తెలియలేదు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండన్నారు. తలో మాట చెప్పి వెళ్లిపోయారు.

తవిటయ్యకి ఒళ్లు మండిపోయింది. ఒక్క విమానం పడిపోతే పది మంది అధికార్లు జీపుల్లో దిగారే, ఇక్కడ వీధులు ఖాళీ అయిపోతుంటే ఎవడు ఎప్పుడు పోయాడో రాసుకునే నాథుడైనా లేడే అని అరుగు మీద నిలబడి తిట్టాడు. తిట్టి, లోపలికెళ్లి, ఇనప్పెట్టె తీశాడు. లాగ్‌బుక్కులో సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి. విమానం రకం ఉండే గడిలో మనిషి పేరు రాశాడు. నంబరు గడిలో ఇంటి నంబరు. గాలిలో గడిపిన సమయం ఉండే గడిలో వయసు. లోపాల గడిలో క్రియాటిన్. ఎవరు కాశీబుగ్గ వెళ్లి పరీక్ష చేయించుకున్నా ల్యాబు చీటీ తెచ్చి ఆయనకు చూపించేవారు. మూడేళ్లలో ఎనభై ఏడు పేర్లయ్యాయి. వాటిలో పోయినవాళ్ల గుర్తుగా ముప్ఫై ఒక్క పేరు కింద ఎర్రగీత పడింది.

బుధవారం బుధవారం హేమలత వచ్చేది. ఆరోగ్య కేంద్రంలో నర్సు, టెక్కలి పిల్ల. చెప్పులు వాకిట్లో విప్పి, అరుగు మీద కూర్చుని, ఆ పుస్తకం చూసి తన రిజిస్టరులోకి ఎక్కించుకునేది. "తాతగారూ, మా సెంటరు రికార్డు కన్నా మీదే నయమండీ" అనేది. ఆమె అంకెలు చదువుతుంటే దేముడమ్మ జీడిపిక్కలు వలుస్తూ పక్కనే కూర్చుని వినేది. తనకు చదువు రాకపోయినా ఎవరికి ఎంత పెరిగిందో ఆమెకి నోటికి వచ్చేది. అంకె ఎక్కువగా ఉన్నవాళ్లను హేమలత అప్పటికప్పుడే శ్రీకాకుళం పంపించేది. మూడు లోపల ఉన్నవాళ్లు జాగ్రత్తపడితే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవారు కూడా. పుస్తకం వల్ల పది మంది బతికారు. ఆ మాట దాచకూడదు.

పక్కింటి వరహాలమ్మ మాత్రం పుస్తకం వల్లే పోయింది. ఆమెకి అయిదు పాయింట్ రెండు అని తవిటయ్యే చదివి చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఆ పూట లేచి ఇంట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. ఆస్పత్రికి రానంది. ఇరవై ఆరో రోజున పోయింది. జబ్బు కాదు ఆమెను చంపింది, అంకె చంపిందని తవిటయ్యకి గట్టిగా అనిపించింది. నాలుగు రోజులు అన్నం మానేశాడు.

వరహాలమ్మ పెద్దకర్మ నాడు స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే దేముడమ్మ ఆయన ఎదుట నిలబడింది.

"నాకొత్తే దాసీకు బావా."

"నీకేటొత్తాదే? రాయిలాగున్నావు."

"ఒత్తే అంటన్నాను. వరాలమ్మ బెంగెట్టుకుని పోనాది. నాను అలగ పోను. నాకు తెలియాల. నా పన్లు నాకున్నాయి. బారువలో నా సెల్లి కాడికెల్లాల, మాట తేడాలున్నాయి, తీర్సుకోవాల. మందులు మింగాలంటే మింగుతాను, మానాలంటే మానుతాను. గాని ఆ కుర్రోడి కాడ రాసినట్టు నా కాడ రాయకు."

నలభై ఏళ్ల తర్వాత ఆ మాట బయటకు వచ్చింది. తవిటయ్యకి చెంప మీద కొట్టినట్టయింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. ఒట్టు వేశాడు.

రెండు వేల నాలుగు ఆగస్టులో దేముడమ్మ చీర అంచు కింద కాళ్లు పొంగినట్టు కనిపించాయి. కాశీబుగ్గ తీసుకెళ్లి నెత్తురు ఇప్పించాడు. మధ్యాహ్నం చీటీ చేతికి వచ్చింది. రెండు పాయింట్ ఎనిమిది. ల్యాబు బయట బండి దగ్గర ఆమె నిమ్మసోడా తాగుతోంది. తవిటయ్య మెట్లు దిగుతున్నంతసేపూ నిజమే చెబుదామనుకున్నాడు. ఇది ఊహించి చెబుతున్న సంగతి కాదు, ఆయనే తర్వాత ఒప్పుకున్న సంగతి. ఆఖరి మెట్టు మీద ఆమె మొహం చూశాడు. ఆ మొహం వెనక గోడవైపు తిరిగి పడుకున్న వరహాలమ్మ కనిపించింది.

"ఎంతొచ్చినాది?"

"పాయింట్ తొమ్మిది. బాగుంది."

అంతే. నోరు ముందు అంది, మనసు వెనకాల వచ్చింది. దేముడమ్మ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. అంత సంతోషంగా ఉంటే ఏమైనా తినాలనిపిస్తుంది కదా, బస్టాండు దగ్గర బారువ ఎండు నెత్తళ్ల ఉప్పుచేపలు కొంది. ఉప్పు తినకూడని మనిషి ఆ రాత్రి అన్నంలోకి అవే వేయించుకుని తింటుంటే తవిటయ్య ఎదురుగా కూర్చుని చూశాడు.

బుధవారం హేమలత వస్తుంది, పుస్తకం పైకి చదువుతుంది. చీటీలో అంకె రాస్తే దేముడమ్మ వింటుంది. అందుకని పుస్తకంలోనూ పాయింట్ తొమ్మిదే రాశాడు. చీటీని చింపి రైల్వేగేటు దగ్గర పారేశాడు. ప్రేమతోనే చేశాడనుకోండి. ప్రేమతో చేసినంత మాత్రాన కిడ్నీ ఊరుకుంటుందా?

ఒక అబద్ధం ఆడితే ఒక్కటే అబద్ధం ఆడినట్టు కాదని ఆయనకి మెల్లగా తెలిసింది. రోజంతా పీట మీద కూర్చుని జీడిపిక్కలు వలిచే మనిషికి మోకాళ్ల నొప్పులు ఉంటాయి. దేముడమ్మ పూటకొక నొప్పి బిళ్ల మింగేది. క్రియాటిన్ పెరిగినవాళ్లు ఆ బిళ్లల జోలికి పోకూడదని శిబిరంలో డాక్టర్లు పదేపదే చెప్పారు, తవిటయ్యే ఊరందరికీ చాటింపు వేసినట్టు చెప్పాడు. ఇప్పుడు సొంత ఇంట్లో చెప్పలేకపోయాడు. బిళ్లలు దాచాడు. ఆమె మళ్లీ కొనుక్కుంది. చివరికి మందులిచ్చే ఢిల్లీబాబు దగ్గరకి వెళ్లాడు. ఢిల్లీబాబు డాక్టరు చదువు చదవలేదు, కాంపౌండరుగా పనిచేసి నేర్చుకున్న వైద్యం. అయినా చుట్టుపక్కల నాలుగు ఊళ్లకి అతనే దిక్కు.

"మీ అత్తకి ఆ బిళ్లలు ఇయ్యకురా."

"ఏల మావా? అత్తకేటి, పాయింట్ తొమ్మిదే గదా. నీ పుస్తకంలోనే సూసినాను."

"ఇయ్యొద్దంటే ఇయ్యొద్దు."

"మోకాలు అట్టుకుని ఏడుత్తంటే ఎలగ ఇయ్యకుండా ఉంటాను? పుస్తకంలో ఎక్కువుంటే సెప్పు, ఇప్పుడే మానేత్తాను."

ఢిల్లీబాబు చెడ్డవాడు కాదు. అతని నోట్లో నువ్వుగింజ నానదు, అదొక్కటే తంటా. చెబితే సాయంత్రానికి దేముడమ్మ చెవిన పడుతుంది. తవిటయ్య తిరిగి వచ్చేశాడు. మూడు నెలలకోసారి కాశీబుగ్గ తీసుకెళ్లడం మానలేదు. మూడు పాయింట్ నాలుగు. నాలుగు పాయింట్ ఒకటి. అయిదు పాయింట్ మూడు. ఆరు పాయింట్ తొమ్మిది. పుస్తకంలో పాయింట్ తొమ్మిది, పాయింట్ తొమ్మిది, ఒకటి, ఒకటి. ప్రతిసారీ ఈసారి చెప్పేస్తానని బయలుదేరేవాడు. ప్రతిసారీ అంకె పెరిగేది, పెరిగినకొద్దీ చెప్పడం మరింత కష్టమయ్యేది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకి జవాబు కావాలి కదా. హేమలత ఒకసారి దేముడమ్మ మొహం చూసి, "అవ్వా, కాస్త ఉబ్బినట్టుంది, శ్రీకాకుళం పంపమంటారా?" అంది. పుస్తకం తిప్పి చూసుకుని, తనే సర్దుకుంది. "ఒకటే ఉంది లెండి. వయసు." పుస్తకాన్ని నమ్మడం ఆ పిల్ల తప్పా?

రెండు వేల అయిదు అక్టోబరులో ఒకనాటి పొద్దున్న దేముడమ్మకి వాంతులు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి ఊపిరి అందలేదు. హేమలత జీపు పిలిపించి, తనూ ఎక్కి, పలాసలో రైలెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి చేర్చింది. వెళ్లేటప్పుడు లాగ్‌బుక్కు తనే సంచిలో పెట్టుకుంది. డాక్టర్లకి పాత రికార్డు కావాలి కదా అని ఆమె అనుకుంది. తవిటయ్య చూశాడు. వద్దనలేదు.

నెత్తురు పరీక్షలో పదకొండు పాయింట్ ఆరు వచ్చింది. రెండు రోజులు యంత్రం మీద పెట్టాక ఊపిరి కుదుటపడింది. మూడో రోజు పొద్దున్న డాక్టరు వచ్చాడు. చిన్నవాడే, ముప్ఫై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. మంచం పక్కన నిలబడి లాగ్‌బుక్కు మొత్తం తిరగేశాడు. అతని మొహం విప్పారింది.

"తాతగారూ, ఇది మీరు రాసిందేనా? ఇంత చక్కగా రికార్డు ఉంచుకున్న పేషెంటు నాకు ఇంతవరకు తగల్లేదు. నాకు పెద్ద ఉపకారం చేశారు."

తవిటయ్య తల వంచుకున్నాడు.

డాక్టరు దేముడమ్మ వైపు తిరిగాడు. "చూడండమ్మా, మీ ఉద్దానం నుంచి వచ్చేవాళ్లకి మెల్లమెల్లగా పాడవుతుంది, వాళ్లకి మేం చేయగలిగింది తక్కువ. మీది అలాంటిది కాదు. ఆగస్టులో ఒకటే ఉంది. అంటే ఈ రెండు నెలల్లోనే ఉన్నట్టుండి దెబ్బతింది. ఇలాంటివి చాలావరకు తిరిగి కోలుకుంటాయి. వీపులోంచి సూది వేసి కిడ్నీలో చిన్న ముక్క తీసి పరీక్షిద్దాం. కొంచెం రక్తం పోయే ప్రమాదం ఉంది గాని, మీ రికార్డు చూశాక వేసి తీరాలి."

దేముడమ్మ లేచి కూర్చుంది. మూడు రోజులుగా మాట రాని మనిషి కళ్లలో వెలుగు వచ్చింది. "బాగైపోతానంటన్నారు బావా. ఇన్నావా? బాగైపోతానంట."

ఊరుకుంటే ఆ వెలుగు ఇంకో రెండు రోజులు ఉంటుంది. ఊరుకుంటే సూది దిగుతుంది. పక్కన హేమలత కూడా నవ్వుతోంది. డాక్టరు కాగితం మీద ఏదో రాయబోతున్నాడు. వయసులో ఉండగా తన సంతకం కోసం ఆగిన విమానం గుర్తొచ్చిందో, చెరుకు తోట గుర్తొచ్చిందో ఆయనకే తెలియాలి. చెయ్యి చాపి డాక్టరు కలం పట్టుకున్నాడు.

"రాయకండి బాబూ. ఆ అంకెలు ల్యాబువి కావు."

"అంటే?"

"నావి. నేను వేసినవి. పోయిన ఏడాది ఆగస్టులోనే రెండు పాయింట్ ఎనిమిది ఉంది." తర్వాతవి వరసగా చెప్పాడు. ఒక్క అంకె కూడా మర్చిపోలేదు. తేదీలతో సహా చెప్పాడు.

డాక్టరు పుస్తకం మూశాడు. కోప్పడతాడేమోనని తవిటయ్య చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "రెండు పాయింట్ ఎనిమిదికి వచ్చి ఉంటే" అని మొదలుపెట్టి, దేముడమ్మ మొహం చూసి ఆగిపోయాడు. ఆమె ఆగనివ్వలేదు.

"వొచ్చుంటే ఏటయ్యేది బాబూ? సెప్పండి."

"ఉప్పు మాన్పించి, నొప్పి బిళ్లలు ఆపించి, మందులు వాడితే నాలుగైదేళ్లు యంత్రం లేకుండా గడిచేదమ్మా. ఎక్కువే గడవచ్చు."

దేముడమ్మ తిట్టలేదు. ఏడవలేదు. మెల్లగా వెనక్కి ఒరిగి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. కాసేపయ్యాక హేమలతని పిలిచింది. "అమ్మా, నీకు తెలుసా?"

"ఒట్టు అవ్వా, నాకు తెలియదు." హేమలత ఏడుస్తోంది.

"అయితే నా కాడ కూకో."

ఆ తర్వాత ఆమె అయిదు నెలలు బతికింది. వారానికి రెండుసార్లు పలాస నుంచి రైలెక్కి విశాఖపట్నం వెళ్లి యంత్రం మీద పడుకుని, మర్నాటికి తిరిగి వచ్చేది. తోడు తవిటయ్యే వెళ్లేవాడు. రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చునేవారు. మంచినీళ్లు అడిగితే ఇచ్చేవాడు, తాగేది. చెయ్యి పట్టుకుని దింపితే దిగేది. మాట్లాడదని కాదు, అవసరమైనవి మాట్లాడేది. ప్రశ్న మాత్రం అడిగేది కాదు. యాభై ఏళ్లుగా పొద్దున లేచింది మొదలు ఆయన్ని అది అడిగి ఇది అడిగి విసిగించిన మనిషి, వాన వస్తుందా అని కూడా ఆయన్ని అడగడం మానేసింది. ఏదైనా తెలుసుకోవాలంటే బుధవారం దాకా ఆగేది. మందు బిళ్ల ఆయన అరచేతిలో పెట్టి ఇస్తే పక్కన పెట్టేది. హేమలత వచ్చాక చూపించి, "ఇది వాంతులకేనా అమ్మా? నిజిమేనా?" అని అడిగి, అప్పుడు మింగేది. తవిటయ్య అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉండేవాడు. ఆయనకి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. ఆమె శిక్ష అని వేయలేదు కూడా. నమ్మకం పోయింది, అంతే.

హేమలతని తోడు తీసుకుని బారువ వెళ్లి పెద్దతల్లి అనే తన చెల్లెల్ని చూసి వచ్చింది. ఏళ్ల నాటి మాట పట్టింపు పది నిమిషాల్లో తేలిపోయిందట. ఫిబ్రవరిలో ఇంక యంత్రం వద్దంది. ఎంత కాలం ఉంటానో హేమలతనే అడిగి తెలుసుకుని, తనే నిర్ణయించుకుంది. తవిటయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. వినలేదు.

మార్చిలో ఒక ఆదివారం. హేమలత టెక్కలిలో ఉంది, బుధవారం గాని రాదు. పొద్దున్న తొమ్మిదింటికి దేముడమ్మ ఊపిరి మారింది. ఆ ఊపిరి తవిటయ్య ఎర్రగీత పడిన ఎన్నో ఇళ్లలో చూసినదే. నులకమంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, తడిగుడ్డతో ఆమె పెదాలు తుడిచాడు. ఆమె కళ్లు తెరిచింది. గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. చాలాసేపు పెంకుల్లోకి చూస్తూ ఉండి, మొహం ఆయన వైపు తిప్పింది.

"బావా. సాయంత్రందాకా ఉంటానా?"

అయిదు నెలలకి అడిగిన మొదటి ప్రశ్న. తవిటయ్య గొంతు దాకా అబద్ధం వచ్చింది. ఎందుకుండవే, బుధవారం హేమలత వస్తుంది, నాలుగు రోజుల్లో లేచి కూర్చుంటావు, ఇలా ఎన్నో వచ్చాయి. అన్నీ మింగేశాడు.

"ఉండవే. మజ్జానం దాటదు."

దేముడమ్మ ఆయన మొహంలోకి అలాగే చూసింది. చూసి, తల ఊపింది.

"అయితే పెద్దతల్లికి కబురెట్టు. పక్కింటోలని పిలు, నాకు తల దువ్వమను. ఇంకెవల్నీ పిలవకు." కాస్త ఊపిరి తీసుకుని అంది. "ఇంతే గదా బావా. ఈ మాటే గదా సెప్పమన్నాను."

తవిటయ్య లేచి పక్కింటివాళ్లను పిలుచుకొచ్చాడు. బారువకి ఆటో పంపాడు. ఆడవాళ్లు దేముడమ్మని కూర్చోబెట్టి తల దువ్వి, ఉతికిన చీర కట్టారు. ఆమె ఒంటిగంటకి పోయింది. పెద్దతల్లి పన్నెండున్నరకే వచ్చింది.